జయపురం నుంచి విశాఖకు 147 కిలోమీటర్లు: విమానం అసలు ఎంత టైమ్ మిగులుస్తుంది?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం విమానాశ్రయం నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి గాలి దూరం సుమారు 147 కిలోమీటర్లు. అదే జయపురం నుంచి భువనేశ్వర్‌కు సుమారు 374. ఈ దూరాలు ఎవరు లెక్కవేసినా ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో ఇలాగే వస్తాయి. వాటి పక్కన వేసే ప్రయాణ సమయాన్ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. ఆ నిమిషాల్లో ఏం కలిపారో, ఏం వదిలేశారో తెలియకపోతే టికెట్ కొనేటప్పుడు లెక్క తప్పుతుంది.

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఈ రెండు దూరాలూ ముఖ్యమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన సంగతి విశాఖలో చదువుకున్నవాళ్లందరికీ తెలిసిందే. ఆ సంబంధం ఇప్పటికీ తెగలేదు. జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపూర్‌లలోని తెలుగు కుటుంబాలకు పెళ్లి సంబంధాలు, పెద్దాసుపత్రి, పిల్లల కాలేజీ అన్నీ విజయనగరం, విశాఖ వైపే. భూమి కాగితాలు, ఉద్యోగం, బదిలీ, కోర్టు మాత్రం భువనేశ్వర్, కటక్ వైపు. ఒకే ఇంట్లో ఒకరు కిందికి దిగి విశాఖ వెళ్తే ఇంకొకరు రాత్రి బస్సెక్కి భువనేశ్వర్ వెళ్తారు. కాబట్టి విమానం ఏ వైపు ఎక్కువ పనికొస్తుందన్నది ఇక్కడ నిజంగా తేల్చుకోవాల్సిన ప్రశ్న.

మ్యాప్ మీద గీత

విమాన దూరం అంటే రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం వంపును లెక్కలోకి తెచ్చి, వాటి మధ్య అతి దగ్గర దారిని కొలవడం. జయపురం రన్‌వే దాదాపు 18.88 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.55 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ రన్‌వే 17.72, 83.22 దగ్గర. ఉత్తర దక్షిణాలుగా తేడా 128 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 71. ఈ రెండింటి నుంచి వచ్చేదే 147. పైలట్లు దీన్నే 79 నాటికల్ మైళ్లు అంటారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగం అంత పొడవన్న మాట. భూమి గుండ్రంగా ఉందనుకుని లెక్కవేస్తే ఒక అంకె, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిందని లెక్కలోకి తీసుకుంటే ఇంకో అంకె వస్తాయి. ఇంత చిన్న దూరంలో ఆ తేడా కిలోమీటరు కూడా ఉండదు.

ఆ గీతను మ్యాప్ మీద పెట్టి చూస్తే దారి మొత్తం తెలిసిపోతుంది. విశాఖ నుంచి వాయవ్యంగా బయలుదేరి, సరిగ్గా సగం దూరంలో అరకు లోయ మీదుగా పోయి, జయపురం చేరేముందు కొలాబ్ జలాశయం మీద నుంచి వెళ్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు, ఈ గీతకు తూర్పున ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉంటుంది. గీత కింద పడేవన్నీ తూర్పు కనుమలే.

నేల మీద ఇంత నేరుగా పోయే దారి లేదు. జాతీయ రహదారి విజయనగరం, సాలూరు మీదుగా వచ్చి, సుంకి దగ్గర ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్ దాటి, అక్కడి నుంచి ఇంకో ఘాట్ దిగి జయపురం చేరుతుంది. మొత్తం 220 కిలోమీటర్ల పైచిలుకు. గాలి దూరానికి ఇది ఒకటిన్నర రెట్లు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గం అరకు, కోరాపుట్ మీదుగా జయపురం తాకుతుంది. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసిన లైను అది. 58 సొరంగాలున్న ఆ దారిలో ప్యాసింజర్ రైలుకు జయపురం దాకా ఆరేడు గంటలు పడుతుంది. చూడ్డానికి అంత అందమైన దారి ఇంకొకటి దొరకదు కానీ, ఆస్పత్రిలో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లకు ఆ అందంతో పని లేదు.

సెమిలిగుడ పక్కనే సునాబేడ ఉంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1964లో అక్కడ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ పెట్టింది. మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు, ఆ తర్వాత సుఖోయ్ ఇంజిన్లు ఈ కొండల్లో తయారైనవే. అదే జిల్లాలో మామూలు జనం టికెట్ కొని ఎక్కే విమాన సర్వీసు స్థిరంగా మొదలవడానికి మాత్రం 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 31న, చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద భువనేశ్వర్–జయపురం సర్వీసును ప్రారంభించారు. విశాఖ సర్వీసు కూడా అదే పథకం కింద తోడైంది.

41 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు చాలావరకు ఒకటే సూత్రం వాడతాయి. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడం దిగడం కోసం ఓ అరగంట కలుపుతాయి. జయపురం–విశాఖకు అలా చేస్తే 11 నిమిషాలకు 30 కలిసి 41 నిమిషాలు. భువనేశ్వర్‌కు 28కి 30 కలిసి 58.

కానీ 800 అనేది పెద్ద జెట్ విమానం వేగం. జయపురంలో అలాంటి జెట్ దిగే రన్‌వే లేదు. ఈ రూట్లలో పెట్టింది సెస్నా గ్రాండ్ కారవాన్, ప్రొపెల్లర్‌ను తిప్పే ఒకే టర్బోప్రాప్ ఇంజిన్, తొమ్మిది మంది ప్రయాణికులు. దాని గరిష్ఠ వేగం సుమారు 185 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), అంటే గంటకు సుమారు 343 కిలోమీటర్లు. రోజువారీ ప్రయాణంలో గంటకు 300 అనుకోవడం సబబు. ఆ లెక్కన విశాఖకు గాలిలో అరగంట. ఎత్తుకు చేరడానికి, రన్‌వే వరుసలోకి తిరగడానికి పోయే టైమ్ ఇంకో ఎనిమిది నిమిషాలు, రన్‌వే దాకా, దిగాక టెర్మినల్ దాకా విమానం నేల మీద నడిచేది పది నిమిషాలు కలిపితే 45–50 నిమిషాలు అవుతుంది. భువనేశ్వర్‌కు 75 నిమిషాలకు పైవన్నీ కలిపితే గంటన్నర.

ఇక్కడో తమాషా ఉంది. విశాఖ విషయంలో కాలిక్యులేటర్ చెప్పిన 41 నిమిషాలు నిజానికి దగ్గరగానే ఉన్నాయి. భువనేశ్వర్ విషయంలో మాత్రం అరగంటకు పైగా తప్పింది. విశాఖ లెక్క కుదిరింది సూత్రం మంచిదవడం వల్ల కాదు. దూరం తక్కువైనప్పుడు వేగం తప్పు వేసినా పోయేది తక్కువ, కలిపిన అరగంట దాన్ని కప్పేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ తప్పు బయటపడుతుంది. చిన్న విమానాశ్రయాల మధ్య ప్రయాణ సమయం చూసేటప్పుడు ముందు అడగాల్సింది ఆ రూట్లో ఏ విమానం నడుస్తోందని.

గాలి కూడా లెక్కలో ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ ఎత్తుల్లో పడమటి గాలి బలంగా వీస్తుంది. ఎదురుగాలి 25 నాట్లు ఉందనుకుందాం. 160 నాట్లతో పోయే కారవాన్ అప్పుడు నేలను బట్టి చూస్తే 135 నాట్లతోనే కదులుతుంది. భువనేశ్వర్ నుంచి జయపురానికి 202 నాటికల్ మైళ్లు పోవడానికి గాలిలోనే గంటన్నర పడుతుంది. అదే గాలి వీపున తగిలితే తిరుగు ప్రయాణం గంటా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒకే దారి, ఒకే విమానం, పోను రాను తేడా 25 నిమిషాలు. విశాఖ రూట్లో అదే తేడా పది నిమిషాలకు మించదు. పైగా ఆ దారి ఉత్తర వాయవ్యంగా పోతుంది కాబట్టి పడమటి గాలి సూటిగా ఎదురు తగలదు, పక్క నుంచి తగులుతుంది.

పెద్ద ఎయిర్‌పోర్టుల్లో చిన్న విమానానికి ఇంకో బాధ ఉంది. ఎయిర్‌బస్ లాంటి విమానం దిగినప్పుడు దాని రెక్కల వెనుక గాలి సుడులు తిరుగుతుంది. అందుకే దాని వెనుక దిగే తేలికపాటి విమానానికి మూడు నిమిషాలు, ఎగిరేదానికి రెండు నిమిషాలు ఎడం ఇవ్వాలన్నది అంతర్జాతీయ నియమం. కారవాన్ ఆ తేలికపాటి వర్గంలోకే వస్తుంది. విశాఖలో రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా. వాళ్ల శిక్షణ వేళలు, పౌర విమానాల వరుస, వాటి మధ్య ఈ తొమ్మిది సీట్ల బండికి దొరికే ఖాళీ. కాగితం మీద 45 నిమిషాల ప్రయాణం ఒక్కోసారి గంట దాకా సాగడానికి ఇదొక కారణం.

కొండకూ ఆక్సిజన్‌కూ మధ్య

ఈ రూట్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఎత్తు. ఇంత చిన్న విమానం ఏ ఎత్తులో పోవచ్చన్నది పైలట్ ఇష్టం మీద ఆధారపడదు. కింద కొండలు ఒక హద్దు పెడతాయి, పైన మనిషి ఊపిరి ఇంకో హద్దు పెడుతుంది.

కింది హద్దు ఇలా. ఈ ప్రాంతంలో ఎత్తైన శిఖరాలు 1,680 మీటర్ల దాకా ఉన్నాయి, అంటే 5,500 అడుగులు. మేఘాల్లో పరికరాలను నమ్ముకుని పోయే విమానం కొండ ప్రాంతంలో చుట్టుపక్కల ఎత్తైన అడ్డంకి కంటే కనీసం 2,000 అడుగుల పైన ఉండాలి. అంటే 7,500 అడుగులు దాటాలి. పై హద్దు ఇలా. కారవాన్ లోపల గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు, బయట ఎంతో లోపలా అంతే. 10,000 అడుగులు దాటి అరగంట మించి ఉంటే ఆక్సిజన్ వాడక తప్పదు. పెద్ద జెట్ 30,000 అడుగులకు పైన హాయిగా పోతుంది. దీనికి మిగిలింది 7,500కూ 10,000కూ మధ్య ఉన్న రెండున్నర వేల అడుగుల దారి.

సరిగ్గా ఆ రెండున్నర వేల అడుగుల్లోనే వానాకాలం మేఘాలు కూర్చుంటాయి. బంగాళాఖాతం మీద అల్పపీడనం పట్టిందంటే అరకు నుంచి సెమిలిగుడ దాకా కొండలు రోజుల తరబడి కనిపించవు. పెద్ద విమానం ఆ మబ్బుల పైకి వెళ్లిపోతుంది. చిన్నదానికి ఆ అవకాశం లేదు, వాటి మధ్యలోంచే పోవాలి, లేదా ఆగిపోవాలి. చలికాలంలో ఇబ్బంది వేరే రకం. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున కొండ లోయల్లో పొగమంచు దిగుతుంది. కంటిచూపు మీద ఆధారపడి దిగే విమానానికి ఎయిర్‌పోర్టులో కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి, మేఘం అడుగు 1,500 అడుగుల కంటే పైన ఉండాలి. పొద్దున్నే ఎనిమిదింటికి వేసిన సర్వీసు పది దాకా ఎదురుచూడడం అప్పుడు మామూలైపోతుంది.

ఎండాకాలం వస్తే మళ్లీ ఇంకొకటి. జయపురం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది, వేడెక్కితే ఇంకా పలచబడుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో జయపురం రన్‌వే మీద గాలి 5,500 అడుగుల ఎత్తులో ఉండాల్సినంత పలచగా ఉంటుంది. రెక్కలు లేచేందుకు, ప్రొపెల్లర్ లాగేందుకు పట్టు తగ్గుతుంది. అప్పుడు విమానం ఎక్కువ దూరం పరిగెత్తాలి, లేదా బరువు తగ్గించుకోవాలి. చిన్న విమానంలో లగేజీ మీద అంత గట్టిగా ఉండడం ప్రయాణికులకు చిరాకుగా అనిపిస్తుంది. పెళ్లికి వెళ్తూ రెండు పెద్ద సూట్‌కేసులు, ఓ పసుపు డబ్బా, స్వీట్ల బాక్సు పట్టుకెళ్లేవాళ్లకు అది పెద్ద సమస్యే. కానీ ఇంధనంతో సహా మొత్తం బరువు 3,995 కిలోలు దాటకూడని విమానంలో పది కిలోలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇవన్నీ చెప్పడం భయపెట్టడానికి కాదు. ఈ విమానం ఇలాంటి దారుల కోసమే తయారైంది, చిన్న రన్‌వేల మీద దిగే విషయంలో దానికి ప్రపంచమంతా మంచి పేరుంది. పైలట్ ఆగిపోయాడంటే అది సరైన పనే. కాకపోతే టైమ్ లెక్కలో 'విమానం ఆ రోజు వెళ్తుందా' అన్న ప్రశ్నకు చోటుండాలి. 45 నిమిషాల ప్రయాణం రద్దయితే ఆ రోజంతా పోతుంది. సాయంత్రం అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లు మధ్యాహ్నం కారు మాట్లాడుకుని ఘాట్ దిగాల్సి వస్తుంది. ఆ టెన్షన్ ఒకసారి పడిన కుటుంబం రెండోసారి టికెట్ తీయడానికి వెనకాడుతుంది.

ఇంటి నుంచి ఆస్పత్రి దాకా

ఇప్పుడు అసలు లెక్క. జయపురం ఊళ్లో ఇంటి నుంచి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దాకా తీసుకుందాం. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు పావుగంట. గంట ముందు చేరుకోవాలి. విమానం 50 నిమిషాలు. దిగి బయటికి రావడానికి పావుగంట. విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటి కేజీహెచ్‌కు 40 నిమిషాలు. మొత్తం మూడు గంటలు. కారులో అదే ప్రయాణం ఐదు నుంచి ఐదున్నర గంటలు. మిగిలింది రెండు గంటల చిల్లర.

కోరాపుట్ ఊరి నుంచి బయలుదేరేవాళ్లకు లెక్క మారుతుంది. జయపురం ఎయిర్‌పోర్టుకు 22 కిలోమీటర్ల ఘాట్ దిగాలి, అంటే విశాఖకు పూర్తిగా వ్యతిరేక దిశలో ముప్పావు గంట. విమానం దారి మూడున్నర గంటలవుతుంది. కారు దారి ఎటూ కోరాపుట్ నుంచే మొదలవుతుంది కాబట్టి నాలుగున్నర గంటలకు తగ్గుతుంది. మిగిలేది గంట. సెమిలిగుడ, సునాబేడ వాళ్లకు అదీ మిగలదు. ఎయిర్‌పోర్టు దాకా వెనక్కి వచ్చేలోపు సాలూరు దిగిపోవచ్చు. రాయగడ వాళ్లకైతే జయపురం ఎయిర్‌పోర్టుతో పనే లేదు. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం, విశాఖకు నేరుగా రైళ్లున్నాయి. జయపురం చేరే టైమ్‌లో వాళ్లు విశాఖలోనే ఉంటారు. నవరంగపూర్ వాళ్లకు, మల్కనగిరి వాళ్లకు మాత్రం జయపురం ఎలాగూ దారిలోనే ఉంది, కాబట్టి జయపురం వాళ్లకు మిగిలినంత వాళ్లకూ మిగులుతుంది.

ఇదే పద్ధతిలో భువనేశ్వర్ చూడండి. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు పావుగంట, ముందు ఆగేది గంట, విమానం గంటన్నర, దిగి ఊళ్లోకి ముప్పావు గంట. మూడున్నర గంటలు. రోడ్డు మీద ఐదువందల కిలోమీటర్లకు పైనే, రాత్రంతా బస్సు. రైలైతే మరీ చిత్రమైన దారి. కోరాపుట్ నుంచి రాయగడ మీదుగా కిందికి దిగి, ఆంధ్రలోకి వచ్చి విజయనగరం తాకి, అక్కడి నుంచి శ్రీకాకుళం, పలాస, బరంపురం మీదుగా మళ్లీ పైకి పోవాలి. ఒడిశా వాళ్లు తమ రాజధానికి వెళ్లడానికి ఆంధ్రలోంచి తిరిగి వెళ్తారు. దానికీ ఒక రాత్రంతా పోతుంది. విమానం అక్కడ ఏడెనిమిది గంటలు మిగులుస్తుంది.

ఎయిర్‌పోర్టుకు ముందూ తర్వాతా పోయే రెండు గంటలు దూరంతో సంబంధం లేకుండా పోయేవే. ప్రయాణం 147 కిలోమీటర్లైనా 374 అయినా ఆ రెండు గంటలు తగ్గవు. అందుకే దగ్గరి ఊరికి విమానం తక్కువ మిగులుస్తుంది, దూరపు ఊరికి ఎక్కువ మిగులుస్తుంది. మనసుకు దగ్గరైన విశాఖ కంటే పనికి వెళ్లే భువనేశ్వర్‌కే ఈ ఎయిర్‌పోర్టు ఎక్కువ ఉపయోగం. తెలుగు కుటుంబాలకు ఇది కాస్త నిరాశ కలిగించే మాటే అయినా లెక్క మాత్రం అటువైపే మొగ్గుతోంది.

ఆస్పత్రి ప్రయాణాల గురించి ఒక మాట. కూర్చోగలిగిన రోగికి, చెకప్‌కు వెళ్లే పెద్దవాళ్లకు ఘాట్ రోడ్డు కుదుపులు తప్పడం చాలా పెద్ద మేలు. రెండు గంటలు మిగలడం కంటే అదే ఎక్కువ. కానీ పడుకోబెట్టి తీసుకెళ్లాల్సిన రోగికి తొమ్మిది సీట్ల సర్వీసులో సాధారణంగా ఏర్పాటు ఉండదు. వాళ్లకు ఈ రోజుకీ అంబులెన్సూ, సుంకి ఘాటే గతి.

తొమ్మిది సీట్ల ఖర్చు

కారవాన్ గంటకు 200 లీటర్ల పైచిలుకు ఇంధనం తాగుతుంది. విశాఖ ట్రిప్పుకు 170 లీటర్లు అనుకుని, లీటరు 95 రూపాయలు వేస్తే 16,000 దాటుతుంది. తొమ్మిది సీట్లూ నిండితే మనిషికి 1,800. నాలుగు సీట్లే నిండితే 4,000. ఇది ఒక్క ఇంధనం. ఇద్దరు పైలట్లు, ఇంజిన్ మరమ్మతు, విమానం అద్దె ఇంకా కలపలేదు. బస్సులో నలభై మంది పంచుకునే ఖర్చును ఇక్కడ తొమ్మిది మంది పంచుకోవాలి.

అందుకే ఉడాన్. 2016లో తెచ్చిన ఈ పథకంలో కొన్ని సీట్ల ధరకు పరిమితి పెట్టి, విమాన సంస్థకు వచ్చే లోటును ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఒడిశా లాంటి రాష్ట్రాల్లో అందులో 80 శాతం కేంద్రం, 20 శాతం రాష్ట్రం భరిస్తాయి. ఆ సాయం మూడేళ్లు. ఆ లోపు రూట్ తన కాళ్ల మీద నిలబడాలన్నది ఆశ. రెండు గంటల తేడాతోనే కారు పోటీ ఉన్న విశాఖ రూట్లో తొమ్మిది సీట్లు మూడేళ్లలో తమంతట తాము నిలబడడం కష్టం. భువనేశ్వర్ రూట్‌కు ఆ అవకాశం కొంత ఎక్కువ, ఎందుకంటే అక్కడ విమానానికి పోటీ రాత్రంతా పట్టే బస్సు, రైలు మాత్రమే.

ఈలోగా ఒడిశాలో ఎయిర్‌పోర్టులు పెరుగుతూనే ఉన్నాయి. కలహండిలో ఉత్కేళా 2023 ఆగస్టులో మొదలైంది. మల్కనగిరిలో 2024 జనవరిలో ప్రారంభించారు. ఏ జిల్లాలోనైనా రిబ్బన్ కత్తిరిస్తే సంతోషమే. కానీ సరిహద్దు జిల్లాలకు ఇప్పుడు కావాల్సింది కొత్త రన్‌వే కంటే, ఉన్న రన్‌వే మీద రోజూ దిగే విమానం. వాతావరణాన్ని నిమిష నిమిషానికి కొలిచే స్వయంచాలక పరికరాలు, ఉపగ్రహం సాయంతో దిగే పద్ధతి, ఇవి రన్‌వేతో పోలిస్తే చవక. మన దేశానికి గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థ ఉంది. ఖరీదైన ల్యాండింగ్ పరికరాలు లేని రాజస్థాన్ కిషన్‌గఢ్ ఎయిర్‌పోర్టులో 2022 ఏప్రిల్‌లో దాని సాయంతో ఒక ఏటీఆర్ విమానాన్ని దింపి చూపించారు. కోరాపుట్ మబ్బుల్లో అలాంటి ఏర్పాటు ఉంటే ఎన్నో రద్దులు తప్పుతాయి.

భోగాపురం వచ్చాక

ఈ లెక్కలన్నీ ఇప్పటి విశాఖ ఎయిర్‌పోర్టును పట్టుకుని వేసినవి. విశాఖ పౌర విమానాలన్నీ భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి మారాలన్నది ప్రణాళిక. జయపురం నుంచి భోగాపురానికి గాలి దూరం 140 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే విమానానికి ఒకటి రెండు నిమిషాలు మిగులుతాయి. కానీ భోగాపురం నుంచి విశాఖ నగరం 45 కిలోమీటర్లు. కేజీహెచ్‌కు వెళ్లాల్సిన మనిషికి 40 నిమిషాల రోడ్డు ప్రయాణం గంట దాటిపోతుంది. ఇంటి నుంచి ఆస్పత్రి దాకా మూడు గంటలు కాస్తా మూడున్నర అవుతుంది.

మరోవైపు రాయ్‌పూర్–విశాఖ ఆరు వరుసల రహదారి నవరంగపూర్, కోరాపుట్ జిల్లాల మీదుగా సబ్బవరం దాకా వస్తోంది. మొత్తం 464 కిలోమీటర్లు. అది పూర్తయ్యాక జయపురం వైపు నుంచి విశాఖకు కారు ప్రయాణం నాలుగు గంటల లోపుకు వస్తే, ఆస్పత్రికో పెళ్లికో వెళ్లేవాళ్లకు విమానంలో మిగిలేది అరగంటే. ఆ అరగంట కోసం నలుగురున్న కుటుంబం నాలుగు టికెట్లు తీయదు.

బరంపురం వాళ్ల లెక్క కూడా మారుతుంది. ఇప్పుడు వాళ్లు విమానం ఎక్కాలంటే భువనేశ్వర్ వెళ్లడమే మామూలు, సుమారు 170 కిలోమీటర్లు. విశాఖ ఎయిర్‌పోర్టు దూరం 260 దాకా ఉంటుంది. భోగాపురం 215 చుట్టూ వస్తుంది. భువనేశ్వర్‌ను దాటేంత దగ్గర కాకపోయినా, ఇచ్ఛాపురం, పలాస చుట్టూ ఉన్నవాళ్లకు, పర్లాకిమిడి, గుణుపూర్ తెలుగువాళ్లకు భోగాపురమే దగ్గరి ఎయిర్‌పోర్టు అవుతుంది.

జయపురం–విశాఖ సర్వీసుకు అప్పుడు మిగిలే ప్రయాణికులు వేరే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉద్యోగాలు చేసే పిల్లలు, వాళ్లను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు, సునాబేడకు వచ్చిపోయే ఇంజినీర్లు. వీళ్లు విశాఖ ఊళ్లోకి వెళ్లరు, అదే ఎయిర్‌పోర్టులో ఇంకో విమానం ఎక్కుతారు. భోగాపురం ఊరికి ఎంత దూరమన్నది వాళ్లకు అనవసరం. ప్రస్తుతం వాళ్లలో కొందరు 2020 నుంచి హైదరాబాద్ సర్వీసు వచ్చిన జగదల్‌పూర్ వైపు చూస్తారు, రెండు గంటల రోడ్డు ప్రయాణం కాబట్టి. వాళ్లను జయపురం రన్‌వే దగ్గరికి రప్పించాలంటే విమానం వేళను పెద్ద విమానాల వేళలతో కలపాలి. జయపురం నుంచి వచ్చిన కారవాన్ దిగిన గంటన్నరలో హైదరాబాద్ విమానం బయలుదేరాలి. సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చినవాళ్లకు చీకటి పడేలోపు జయపురం విమానం దొరకాలి. టికెట్ ఒకటే అయి, లగేజీ నేరుగా చివరి ఊళ్లో అందితే ఇంకా మంచిది. ఈ టైమ్‌టేబుల్ కుదిరితే జయపురంలో పొద్దున టిఫిన్ చేసి బయలుదేరిన మనిషి మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో ఉంటాడు. కుదరకపోతే ఆ మనిషి ఇప్పటిలాగే రాత్రి బస్సు సీటు బుక్ చేసుకుంటాడు.